రాజు అరచేతి కింది మూడు ముక్కలు

ఒక ఊళ్లో నీళ్లు రాజుగారి కోటలో మాత్రమే ఉండేవి. రోజూ సాయంత్రం కోట గుమ్మం దగ్గర ఇంటికొక బిందె పోసేవాళ్లు. ఆ బిందె ఇల్లు చేరాలంటే ముందు రాజుతో ఒక ఆట ఆడాలి.

ఆట చిన్నదే. బిందెలోంచి ఒక చెంబు నీళ్లు ముందుగానే రాజుగారి గంగాళంలో పోయాలి. అప్పుడు భటుడు వచ్చినవాళ్లకు మూడు పేకముక్కలు, రాజుకు మూడు పంచుతాడు. ముక్కలు బాగాలేవనుకుంటే దించేయొచ్చు. పోయేది ఆ చెంబే. నిలబడతానంటే మాత్రం బిందె మొత్తం గంగాళంలో పోసి, రాజును విప్పమని అడగాలి. గెలిస్తే రెండు బిందెలు. ఓడితే ఖాళీ బిందె.

దించేసినవాళ్లకు రాజు ముక్కలు చూపించరు. అది ఆనవాయితీ.

రాజు తన మూడు ముక్కల మీద అరచేయి ఆనించి, చిన్నగా నవ్వుతూ కూర్చునేవాడు. ఆయన చూసుకోనక్కర్లేదని, తాకితేనే తెలిసిపోతుందని ఊరంతా చెప్పుకునేది.

ఆయన పక్కన లెక్కలాయన నిలబడేవాడు. జనం మంచి కోసమే తనను పెట్టారని ఆయన చెప్పుకునేవాడు. ఎవరి చేతిలోకైనా తొంగిచూసి, నాలిక చప్పరించి, "దించెయ్. పోతే చెంబు పోతుంది, బిందె మిగుల్తుంది" అనేవాడు. రాణి వచ్చినా దించెయ్. చిన్న జత వచ్చినా దించెయ్. "అయితే ఎప్పుడు నిలబడమంటారు?" అని ఎవరైనా అడిగితే, "మూడు ఆసులు రానీ, నేనే నిలబడమంటాను" అనేవాడు. మూడు ఆసులు ఎవరికీ రాలేదు. వాళ్లకెప్పుడూ అటూ ఇటూ కాని ముక్కలే వచ్చేవి. ఊరంతా రోజూ దించేసి, రోజూ ఒక చెంబు తక్కువ బిందెతో ఇంటికి పోయేది. అది ఓటమి కాదట, తెలివట. ఆ తెలివితో కోటలోపల గులాబీలు మాత్రం విరగబూసేవి.

ఆ ఊళ్లో ఒకామెకు గుడిసె ముందు బీరపాదు ఉంది. అదే ఆమె బతుకు. తాగగా, వండగా మిగిలిన నీళ్లు దానికి పోసేది. రోజూ సరిగ్గా ఒక చెంబు తక్కువయ్యేది. మూడేళ్లుగా పాదు పూత దాకా వచ్చి ఎండిపోతోంది. ఈ ఏడు మళ్లీ పూత పట్టింది.

ఆ సాయంత్రం ఆమెకు ఆరు, ఎనిమిది, పది వచ్చాయి. జత లేదు, వరస లేదు, రంగు లేదు.

"ఇవేం ముక్కలమ్మా, దించెయ్" అన్నాడు లెక్కలాయన.

"రాజుగారి దగ్గరేముంది?"

"అది మనకెందుకు? మన ముక్కలు మనం చూసుకోవాలి."

"మూడేళ్లుగా మావే చూసుకుంటున్నాం కదయ్యా! ఆయనవి మీరు చూశారా?"

లెక్కలాయన దగ్గాడు. "చూడకుండానే తెలుస్తుంది."

"ఎలా?"

"అందరూ దించేస్తున్నారు కదా. ఊరికే దించేస్తారా?"

వెనక వరసలో ఉన్న కుండలాయన ఆమె కొంగు లాగినంత పని చేశాడు. "అక్కా, మొండికేయకు. పాదు గుర్తుంచుకో."

"గుర్తుంది కాబట్టే" అంటూ ఆమె బిందె ఎత్తి గంగాళంలో ఒంపేసింది. ఆఖరి చుక్క దాకా. "విప్పండి దొరా."

రాజు నవ్వు అలాగే ఉంది గానీ చెయ్యి కదల్లేదు. ఆమె కూడా కదల్లేదు. చివరికి ఆయన ముక్కలు తిరగేసి, అందరికంటే ముందు తనే వంగి చూశాడు, వేరేవాళ్లకు వచ్చిన ఉత్తరం చదువుతున్నట్టు.

రెండు, నాలుగు, జాకీ.

"చెప్పానా!" అన్నాడు లెక్కలాయన. "జాకీ పెద్దది. ఓడిపోయావు."

"ఓడిపోయాను" అంది ఆమె. "ఒక్క మెట్టు తేడాతో ఓడిపోయాను. ఈ జాకీకా మేం ఇన్నాళ్లూ దండం పెట్టింది? మొన్న ఎనిమిదుల జత దించేయించారు నాతో. అంతకుముందు రాణిని దించేయించారు. పోయిన ఏడు నా పాదు ఎండింది నా ముక్కల వల్ల కాదు, మీ నాలిక చప్పుడు వల్ల!"

వరసలో కుండలాయన, తనకు తనే చెప్పుకుంటున్నట్టు, "నిన్న నేను ఆసు దించేశాను" అన్నాడు. ఇంకెవరో "నేను తొమ్మిదుల జత" అన్నారు.

ఆమె ఖాళీ బిందె చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. మర్నాడు పగలంతా ఎండ మండిపోయింది. సాయంత్రానికి పూత సగం రాలింది. రాలిన పూలు ఏరి కొంగున కట్టుకుని, మళ్లీ వచ్చి వరసలో నిలబడింది.

ఆమె ముందు కుండలాయన. ఆయనకు మూడు, ఏడు, తొమ్మిది వచ్చాయి. లెక్కలాయన తొంగిచూశాడు. ఆ ముక్కలకు నిజంగానే దించేయాలి. ఆయన నోరు తెరిచేలోపే కుండలాయన ముక్కలు రొమ్ముకు ఆనించి మూసేశాడు.

"ఏమొచ్చిందో చూడనీవయ్యా, నీ మంచికే!"

"మీరు చూడకుండానే తెలుసుకుంటారు కదా బాబూ."

వెనక వరసలో ఎవరో నవ్వారు. కుండలాయన చెమట తుడుచుకుని, బిందె రెండు చేతులా ఎత్తి గంగాళం అంచు మీద ఆనించాడు. ఇంకా ఒంపలేదు.

అప్పుడు రాజు అరచేయి తీశాడు. బొటనవేలితో ముక్కల అంచు పైకి లేపి, మెడ వంచి, మెల్లగా ఒక్కొక్కటే చూసుకున్నాడు. నవ్వు ఎప్పుడు పోయిందో ఎవరూ గమనించలేదు.

"తొందరేం లేదు దొరా, బాగా చూసుకోండి" అంది ఆమె వెనకనుంచి. "నిలబడతారా, దించేస్తారా?"