ఐస్ గదిలో మంగాయమ్మ

అనగనగా ఉప్పుటేటి ఒడ్డున ఒక ఊళ్ళో, మరీ పాతకాలంలో కాదు బుజ్జీ, సెల్‌ఫోన్లు వచ్చాకే, ఒక రొయ్యల కంపెనీ ఉండేది. ఆ కంపెనీలో హైమ అనే అమ్మాయి కొత్తగా చేరింది. సాయంత్రం పని దిగేటప్పుడు ఆడవాళ్ళందరూ బయటికొచ్చారో లేదో చూడటం ఆమె పని.

మేనేజరుది ఎక్కడో ఉత్తరాది, తెలుగు రాదు. హైమకి ఇంగ్లీషు వచ్చు. అందుకని ఆ పిల్లకి లోలోపల కాస్త గర్వం.

ఆ కంపెనీలో ఒక ఐస్ గది ఉంది. మన ఫ్రిజ్జులో మంచుపెట్టె ఉంటుందే, అలాంటిది, కానీ ఇల్లంత ఉంటుంది. రొయ్యల ట్రేలు అందులో పెడతారు. లోపల ఎవరైనా చిక్కుకుపోతే నొక్కడానికి గంట మీట ఒకటి ఉంది. మనిషి పది నిమిషాలుంటే వేళ్ళు కొంకర్లు పోతాయి. గంటలుంటే ఇంక చెప్పేదేముంది!

ఒక శనివారం సాయంత్రం అందరూ బస్సెక్కుతున్నారు. మంగాయమ్మ ఒక్కతే ఇంకా ఐస్ గదిలో ట్రేలు సర్దుతోంది. అప్పుడు మేనేజరు హైమకి ఫోన్ చేసి, ఐస్ గది సంగతేమిటని అడిగాడు.

"వన్ ఉమన్ లెఫ్ట్, సర్" అంది హైమ.

"గుడ్" అని ఆయన పెట్టేశాడు.

లెఫ్ట్ అంటే ఎడమ అని నీకు బళ్ళో చెప్పారు కదూ? దానికి ఇంకో రెండు అర్థాలున్నాయి తల్లీ, రెండూ ఎడ్డెమంటే తెడ్డెం. మిగిలిపోయిందన్నా లెఫ్టే, వెళ్ళిపోయిందన్నా లెఫ్టే. ఒక మనిషి లోపల మిగిలిందని హైమ చెప్పింది. ఆ మనిషీ వెళ్ళిపోయిందని ఆయన విన్నాడు. ఆ తర్వాత తలుపు మూసి, గడియ వేసి, తాళం వేశాడు. ఆ తాళంచెవి జేబులో పడేసుకున్నాడు.

బస్సు బయల్దేరింది. మంగాయమ్మను మేనేజరు పంపించేస్తాడులే అనుకుని హైమ కిటికీ పక్కన కూర్చుంది. కాలవ వంతెన దగ్గర మేనేజరు కారు బస్సును దాటుకుని పోయింది. కార్లో ఆయన ఒక్కడే ఉన్నాడు.

మంగాయమ్మ ఇంకా లోపలే ఉండిపోయిందని హైమకి అప్పుడు తట్టింది. రేపు ఆదివారం, మళ్ళీ సోమవారం దాకా ఆ తలుపు తీసేవాళ్ళు లేరు. ఆయనకి ఫోన్ చేస్తే ఎత్తడు. అప్పుడు గేటు దగ్గరుండే సత్తిరాజుకి చేసింది.

"బాబాయ్, ఐస్ గదిలోంచి గంట మోగిందా?"

"లేదమ్మా. ఇక్కడికి వినపడదు కదా, ఆ గంట హైదరాబాద్ ఆఫీసులో మోగుద్ది. వాళ్ళే ఇందాక ఫోన్ చేశారు, అలారం గాన్ ఆఫ్ అని. ఆఫ్ అయిపోయిందంటే ఇంకేం భయం అని ఊరుకున్నాను."

"మంగాయమ్మ లోపలే ఉంది బాబాయ్, గునపం పట్టుకుని తలుపు దగ్గరికి పరిగెత్తు!" అంది హైమ. చూశావా బుజ్జీ, ఆఫ్ అంటే ఆగిపోవడమని మనకి తెలుసు. కానీ అలారం గాన్ ఆఫ్ అంటే గంట మోగిందని! లోపల చీకట్లో మంగాయమ్మ తడుముకుని తడుముకుని మీట నొక్కింది. ఎవరూ రాలేదు.

"బస్సాపండీ!" అని హైమ కేక పెట్టింది. దిగి, రొయ్యల చెరువుల గట్టు మీద పడి పరిగెత్తింది. ఒక చెప్పు తెగిపోయింది. అయినా ఆగలేదు.

తలుపు ముందు సత్తిరాజు గునపం పట్టుకుని నిలబడి ఉన్నాడు. హైమ తలుపు మీద బాదింది. లోపల్నించి ఉలుకూ పలుకూ లేదు. చెవి ఆనిస్తే చెంప చురుక్కుమంది, అంత చల్లదనం.

అప్పుడు మేనేజరు ఫోన్ ఎత్తాడు. హైమ ఏడుస్తూ చెప్పింది. తాళంచెవి ఆయన జేబులోనే ఉంది, ఆయనేమో చాలా దూరం వెళ్ళిపోయాడు. తాళంచెవి లేకపోతే "ద డోర్ ఈజ్ ఫాస్ట్" అన్నాడు.

"ఫాస్టంట! ఒక్క తోపుకే వచ్చేస్తుందన్నమాట" అన్నాడు సత్తిరాజు.

ఈసారి హైమ ఆ మాటను నమ్మలేదు. "సర్, వస్తుందా, రాదా? ఆ ఒక్కటీ చెప్పండి!" అని ఇంగ్లీషులో అరిచింది.

"రాదు! బిగుసుకుపోయి ఉంటుంది. పగలగొట్టండి!"

చూడు, ఫాస్టంటే త్వరగా అనీ, కదలకుండా బిగుసుకుపోవడమనీ కూడా.

సత్తిరాజు గునపంతో గడియ మీద ఒక పోటు పొడిచాడు. కదల్లేదు. రెండో పోటుకి వంగింది. మూడో పోటుకి ఊడి కింద పడింది.

మంగాయమ్మ గుమ్మానికి రెండడుగుల దూరంలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. కనుబొమల మీద తెల్లగా మంచు. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ చూపు లేదు. హైమ ఆమెను గుండెకి హత్తుకుంది. ఒళ్ళు కర్రలా ఉంది. చాలాసేపటికి, చాలాసేపటికి, ఒక్క చిన్న వణుకు వచ్చింది. "బతికే ఉందమ్మా!" అని సత్తిరాజు బావురుమన్నాడు.

ఆస్పత్రిలో రెండు వేళ్ళ కొసలు తీసేశారు. మిగతా మనిషి దక్కింది.

ఆ తర్వాత హైమ మంచం పక్కన తలొంచుకు నిలబడింది. జరిగిందంతా దాచకుండా చెప్పింది. మంగాయమ్మ విని అడిగింది. "నేను లోపలున్నానని నీకు తెలుసా?"

"తెలుసండి."

"మరి గుమ్మం దాకా వచ్చి, మంగాయమ్మా అని ఒక్క కేక వెయ్యలేకపోయావా అమ్మాయ్?"

హైమ ఆ కట్టు కట్టిన చేతిని తన రెండు చేతులతో పట్టుకుంది.

మర్నాటి నుంచి ఆ పిల్ల ఫోన్లో లెక్క చెప్పడం మానేసింది. రోజూ సాయంత్రం ఐస్ గది గుమ్మంలో నిలబడి ఒక్కొక్కళ్ళనీ పేరు పెట్టి పిలుస్తుంది. పిలిచిన మనిషి ఎదురుగా వచ్చి నిలబడ్డాకే ఇంకో పేరు పిలుస్తుంది.

కథేమో కంచి దారి పట్టింది,
కంటికేమో కునుకు పట్టింది.
ఊఁ కొట్టే నోరు ఊరుకుంది,
మనిల్లు మనల్ని చేరుకుంది.