పటేల్ చదవని వాక్యం

నల్లగుట్టపల్లిలో మాధవరావు పటేల్ అనే నాయకుడు ఉండేవాడు. తన వంశం పేరు మీద ఈగ వాలినా ఓర్చుకోలేని మనిషి. జిల్లా పరిషత్తుకు అధ్యక్షుడయ్యాక ఆ గుణం తగ్గకపోగా ఇంకా ముదిరింది. ఊళ్లో ఆయన తండ్రి రాజేశ్వర్‌రావు పేరు మీద ఒక బస్టాండు, ఒక గ్రంథాలయం, ఒక చలివేంద్రం ఉండేవి. చలివేంద్రంలో నీళ్లు ఉన్నా లేకపోయినా బోర్డుకు మాత్రం ఏటేటా రంగు పడేది.

ఆ జిల్లాలో సర్కారు బడుల పిల్లల కోసం ఊళ్ల చరిత్ర చెప్పే చిన్న వాచకం ఒకటి ఉండేది. ఒకనాడు అనుచరుడొకడు అందులోని ఒక పేజీని ఫోన్లో ఫొటో తీసి పటేలుకు పంపాడు. ఒక వాక్యం చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి ఉంది. 'అప్పటి పటేల్ రాజేశ్వర్‌రావు మత్తడి కాలువను పూడ్చి దుకాణాలు కట్టించాడు' అని ఆ వాక్యం. మత్తడి అంటే చెరువు నిండితే మిగులు నీళ్లు బయటికి దుంకే చోటు. ఆ నీళ్లు పోయే దారే మత్తడి కాలువ. మాధవరావు ఆ ఒక్క వాక్యం చదివాడు. ఒళ్లు మండిపోయింది. ఫోన్ పక్కన పడేశాడు.

ఇంట్లో ఆయన చిన్నప్పటి నుంచీ విన్న కథ వేరు. వరదొచ్చిన ఏడు తండ్రి గాదెలు తెరిచి ఊరంతటికీ గంజి పోయించాడని చెప్పేవారు. అది నిజమే. అయితే ఆ వరద ఎందుకొచ్చిందో ఆ ఇంట్లో ఎవరూ చెప్పేవారు కాదు.

మర్నాటికల్లా పటేలు మనుషులు బడి ముందు బైఠాయించారు. మహానుభావుణ్ణి అవమానించిన పాఠం తీసేయాలన్నారు. ఆ సాయంత్రానికే ఎదుటి పార్టీ నాయకుడు యాదగిరి తన మనుషులతో దిగాడు. అదే వాక్యాన్ని ఆరడుగుల ఫ్లెక్సీ మీద అచ్చు వేయించి, ఒక్క అక్షరం తీసినా ఊరుకునేది లేదన్నాడు. రెండు పార్టీల మైకుల మధ్య ఆ వారం పిల్లలకు ఎక్కం ఒక్కటి వినబడలేదు. వాళ్ల చదువు కోసమే కొట్లాడుతున్నామని ఇద్దరూ చెప్పారు. సిగ్గు లేకుండా చెప్పారు.

చివరికి మండలాఫీసులో ఇద్దరినీ కూర్చోబెట్టారు. సాంఘికశాస్త్రం చెప్పే విమల టీచరును కూడా పిలిచారు. ఆమె వాచకం తెరిచి పటేలు ముందు పెట్టింది.

"పేరు తీసేయున్రి సార్, నాకేం లేదు. దాని కింద కొన్ని వాక్యాలున్నయి. అవి పిల్లలకు కావాలె. ఒక్కసారి చదువున్రి" అంది.

మాధవరావు పుస్తకాన్ని వేలితో అవతలికి నెట్టాడు. "నాకు చదువు చెప్పకు టీచరమ్మా. మా నాయిన మీద రాసిన ముక్క మొత్తం పోవాలె, అంతే" అన్నాడు.

ఆమె యాదగిరి వైపు తిరిగింది. పేరు లేకపోయినా పాఠం మిగిలితే చాలు కదా అని అడిగింది. పేరు లేనప్పుడు ఇక ఆ పాఠంతో ఏం పని, మొత్తం పోనియ్యండని యాదగిరి నవ్వాడు. అతను మాత్రం చదివాడా? ఫ్లెక్సీకి ఎంత కావాలో అంతే చదివాడు.

అలా ఏళ్ల తరబడి ఏ విషయంలోనూ కలవని రెండు పార్టీలు ఆ రోజు కలిశాయి. పాఠం మీద తెల్లకాగితం అతికించాలని తీర్మానమైంది. టీచర్లు మైదాపిండి జిగురు ఉడికించి పుస్తకం తర్వాత పుస్తకానికి కాగితం అంటించారు. విమల టీచర్ అంటించనంది. పదిహేను రోజుల్లో ఆమెను జిల్లా ఆ చివరకు బదిలీ చేశారు. ఆమె బస్సెక్కుతుంటే పిల్లలు ఏడ్చారు. పటేలు ఇంట్లో మాత్రం మిఠాయి పంచారు.

మరుసటి ఏడు ఊరికి కొత్త బడి మంజూరైంది. జాగా ఎక్కడా అని వెతికారు. చెరువు కింద గడ్డి మొలిచిన వెడల్పాటి పల్లం ఒకటి ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉంది. సర్కారు భూమి, రోడ్డు పక్కన, అడిగేవాడు లేడు. ఇక్కడికి నీళ్లొస్తాయా అని ఇంజనీరు అడిగాడు. చుట్టూ నిలబడ్డ కుర్రవాళ్లకు తెలియదు. తెలిసేలా ఎవరూ చెప్పలేదు. ఒకరిద్దరు ముసలివాళ్లు ఏదో గొణిగారు గానీ పటేలు తల తిప్పి చూడగానే నోరు మూసుకున్నారు.

రాజేశ్వర్‌రావు పేరుతో బడి లేచింది. పటేలు తన మనవరాలు సహస్రను పట్నం బడి మాన్పించి అందులో చేర్పించాడు. నాయకుడి మనవరాలు సర్కారు బడిలో చదువుతోందని పేపర్లో ఫొటో పడింది. ఆ పిల్లకు ఫొటో సంగతి పట్టలేదు. మధ్యాహ్నం అన్నం వండే ఎల్లవ్వ అంటే ప్రాణం. ఎల్లవ్వ గరిటె పట్టుకుని కథలు చెప్పేది, పప్పు రెండోసారి వడ్డించేది, తినని వాళ్ల వెంటపడి తినిపించేది.

శ్రావణంలో ఒకనాడు ఊళ్లో సన్నటి జల్లు పడుతోంది. పై ఊళ్లలో మాత్రం రాత్రంతా కుంభవృష్టి. మధ్యాహ్నం అన్నాల వేళ చెరువు వైపు నుంచి పెద్ద చప్పుడొచ్చింది. మత్తడి దుంకింది. ఎన్నో ఏళ్ల తర్వాత నీళ్లు తమ పాత దారి వెతుక్కుంటూ వచ్చాయి. ఆ దారికి అడ్డంగా బడి ఉంది.

విమల టీచర్ ఉండి ఉంటే ఆ చప్పుడు వినగానే పిల్లల్ని గుట్ట మీదికి తోలేది. అక్కడున్న టీచర్లు కొత్తవాళ్లు, ఏం చప్పుడో తెలుసుకునే సరికి నీళ్లు మోకాళ్లకు వచ్చాయి. అందరూ బడి డాబా మెట్ల మీదికి ఉరికారు. ఎల్లవ్వ చిన్నపిల్లల్ని ఒక్కొక్కరినీ ఎత్తి పైకి అందించింది. సహస్ర వంటషెడ్డులో బల్లెక్కి బిగుసుకుపోయి ఉంటే వెనక్కి వెళ్లి తెచ్చింది. పిల్లను మెట్ల మీదున్న టీచరు చేతికిచ్చింది. అప్పుడే షెడ్డు గోడ కూలింది. ఆమె మళ్లీ కనబడలేదు. మర్నాడు రెండూళ్ల అవతల తుమ్మచెట్ల మధ్య దొరికింది.

మాధవరావు మనవరాలిని గుండెకు హత్తుకుని ఏడ్చాడు. తర్వాత కళ్లు తుడుచుకుని, ఇది ఎవరూ ఊహించని ప్రకృతి వైపరీత్యమని విలేకరులకు చెప్పాడు. యాదగిరి వచ్చి ఇది కాంట్రాక్టరు నాసిరకం పని అన్నాడు. ఎల్లవ్వ కొడుకు ఇంకా తలకొరివి కూడా పెట్టలేదు, వాకిట్లో వీళ్లిద్దరూ మైకుల ముందు మళ్లీ మొదలుపెట్టారు.

మూడోనాడు ఎండ కాసింది. సహస్ర తడిసిన పుస్తకాలను వరండాలో ఆరబెట్టింది. వరద నీళ్లకు మైదా జిగురు ఊడిపోయింది. చరిత్ర వాచకంలోని తెల్లకాగితం దానంతటదే జారి కింద పడింది. ఆ పిల్ల కూర్చుని కూడబలుక్కుంటూ చదవసాగింది. పక్కన కుర్చీలో పటేలు ఉన్నాడు.

"అప్పటి పటేల్ రాజేశ్వర్‌రావు మత్తడి కాలువను పూడ్చి దుకాణాలు కట్టించాడు."

ఆపమని పటేలు చెయ్యెత్తాడు. పిల్ల పుస్తకంలో తల పెట్టి ఉంది, చూడలేదు. చదువుతూనే పోయింది.

"ఆ ఏడు చెరువు నిండినప్పుడు నీళ్లకు దారి లేక ఊరి మీద పడ్డాయి. కుమ్మరివాడ కొట్టుకుపోయింది. తర్వాత ఊరివాళ్లు దుకాణాలు తీసేసి, రోడ్డు పక్కనున్న ఆ పల్లంలో ఎవరూ ఏమీ కట్టకూడదని కట్టుబాటు చేసుకున్నారు. పిల్లలూ, ఎన్నేళ్లు ఎండి ఉన్నా ఆ జాగా నీళ్లదే. చెరువు వైపు చప్పుడు వినబడితే గుట్ట మీదికి వెళ్లండి."

సహస్ర తలెత్తింది. "తాతా, ఇది ముందే ఉన్నదా? మరి మాకెందుకు కనిపియ్యకుండ చేసిన్రు? ఎల్లవ్వకు చెప్పేదాన్ని గద" అంది.

మాధవరావు వంగి కింద పడ్డ తెల్లకాగితాన్ని చేతిలోకి తీసుకున్నాడు. విమల టీచర్ తన ముందు పెట్టిన పుస్తకం, దాన్ని నెట్టిన తన వేలు గుర్తొచ్చాయి. ఆ రోజు ఇంకో ఐదు వాక్యాలు చదివి ఉంటే ఎల్లవ్వ ఈ పూట పప్పు వండుతూ ఉండేది.

ఈ వరద గురించి వాచకంలో కొత్త పాఠం పెట్టాలని జిల్లా పరిషత్తులో సమావేశం జరిగింది. ప్రకృతి వైపరీత్యం అని రాస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదని అధికారులు సర్దిచెప్పబోయారు. యాదగిరి కూడా తలూపాడు. మాధవరావు లేచి నిలబడ్డాడు. విమల టీచరును వెనక్కి పిలిపించి, పాఠం ఆమెతోనే రాయించమన్నాడు.

"మా నాయిన పేరు ఎట్లున్నదో అట్లనే ఉంచున్రి. దాని కింద నా పేరు రాయున్రి. కాగితం అంటిపిచ్చింది నేను, అక్కడ బడి కట్టిపిచ్చింది నేను. ఎల్లవ్వ పేరు రాయున్రి. యాదగిరి పేరు గుడ రాయున్రి" అన్నాడు.

నా పేరెందుకని యాదగిరి గింజుకున్నాడు. అధికారి ఆ పేరు కూడా రాసుకున్నాడు.

ఇప్పుడు ఆ బడి గుట్ట మీద ఉంది. పల్లం మళ్లీ ఖాళీగా ఉంది. పిల్లలు పాఠం మొత్తం చదువుతారు, పేర్లతో సహా. పటేలు మారినందుకు ఊళ్లో కొందరు మెచ్చుకుంటారు. ఎల్లవ్వ కొడుకు ఆ మాట వినబడితే లేచి వెళ్లిపోతాడు. అతనిది తప్పని ఎవరనగలరు?

నీతి: చరిత్ర పాఠం పెద్దల పరువు కాపాడటానికి కాదు, పిల్లల ప్రాణాలు కాపాడటానికి. తాతలు చేసిన తప్పును మనవలకు కనబడకుండా దాచిపెట్టేవాడు ఆ తప్పును మళ్లీ వాళ్ల నెత్తిమీదికే తెస్తాడు.