దిగుమతి అయిన మహారాజు

సముద్రపు ఒడ్డున ఒకానొక రాజ్యం. దాన్ని ఏలే ప్రచండదేవుడికి తన శాసనాలంటే మహా మురిపెం. విదేశీ వర్తకులను రప్పించాలని రేవు పక్కనే ఒక పేట కట్టించి, చుట్టూ కంచె వేయించి, "కంచె లోపలిదంతా పరదేశం కిందే లెక్క. అక్కడ సుంకం లేదు" అని చాటించాడు.

ఓడలు వచ్చాయి. రాజుకు ఆశ పుట్టింది. "కంచె దాటే ప్రతిదానికీ సుంకం. లోపలికైనా సరే, బయటికైనా సరే" అని రెండో శాసనం వేశాడు. మొదటిది మాత్రం రద్దు చేయలేదు. తన మాట తానే వెనక్కి తీసుకుంటే పరువేం కావాలి!

పేట అధికారి కొమ్మనకు తల బద్దలైపోయింది. ఓర్ముజ్ రేవు వర్తకుడు యూసుఫ్ పట్టునూలు తెచ్చి, పేటలో రంగు వేయించుకుని, తిరిగి ఓడకెక్కిస్తాడు. నూరు మూటలకు రంగు కూలి పదిహేను వరహాలు. రానూపోనూ సుంకం ఇరవై!

"కొమ్మనగారూ, ఇక నావల్ల కాదు. ఈ సాయంత్రమే లంగరు ఎత్తేస్తున్నాను" అన్నాడు యూసుఫ్. అతను పోతే మూడు వందల అద్దకం ఇళ్ళలో పొయ్యిలో పిల్లి లేవదు.

కొమ్మన అప్పటికి ఎనిమిదిసార్లు రాజుకు వివరించాడు. ఎనిమిదిసార్లూ రాజు మీసం దువ్వి, "శాసనం శాసనమే" అన్నాడు.

తొమ్మిదోసారి కొమ్మన వివరించలేదు. "ప్రభూ, పేట చూడటానికి దయచేయండి" అని వెంటబెట్టుకు వెళ్ళాడు. అంతా చూసి, భోజనం వేళకు రాజు తిరిగి గేటు దగ్గరికి రాగానే కొమ్మన అడ్డుకర్ర దించేశాడు.

"వస్తువు: రాజు, ఒకటి. కొత్తదా, వాడినదా?"

"ఏమిటోయ్ ఈ వేళాకోళం?"

"కంచె లోపల పరదేశం కదా ప్రభూ. తమరు దిగుమతి అవుతున్నారు. సుంకం బరువును బట్టి. త్రాసు ఎక్కండి."

భటులు అడ్డుకర్ర ఎత్తబోయి ఆగిపోయారు. శాసనం రాజుదే మరి.

"అయితే లోపలే ఉంటాను, పో!"

"చిత్తం. కానీ పొద్దున లోపలికి వెళ్ళినప్పటి ఎగుమతి సుంకం ఇంకా బాకీ."

ఎండ మాడుస్తోంది. కడుపు మండుతోంది. రాజు అరిచాడు: "నన్నెవరైనా అమ్మారా? కొన్నారా? అటు వెళ్ళి ఇటు వస్తున్నాను, అంతేగా! దానికి సుంకమేమిటి?"

కొమ్మన రెండు చేతులూ జోడించాడు. "యూసుఫ్ నూలూ అంతే ప్రభూ! అటునుంచి వచ్చి అటే పోతోంది. మన బజారులో మూరెడు అమ్మలేదు. ఇటు వచ్చి అమ్ముడుపోతే కదా సుంకం!"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. అక్కడే రెండో శాసనం చింపించి, "ఇకమీదట పేటలోంచి ఊళ్ళోకి వచ్చే సరుకుకే సుంకం" అన్నాడు. యూసుఫ్ లంగరు నీళ్ళలోనే ఉండిపోయింది.

రాజు పేటలో అద్దిన పట్టుశాలువా ఒకటి తెప్పించి, స్వయంగా కొమ్మన భుజాన కప్పాడు. కొమ్మన మురిసిపోతూ గేటు వైపు నడిచాడు. ముందు అడ్డుకర్ర పడింది. పట్టుకున్నది రాజే.

"వస్తువు: శాలువా, ఒకటి. కొత్తది. ఊళ్ళోకే కదా పోతోంది? సుంకం కట్టు!"

"అమ్మయ్య, ప్రభువులకు అర్థమైంది!" అంటూ కొమ్మన సంతోషంగా మొలలోంచి సంచి తీశాడు.