జవాబు రాని పూజ

బాలశౌరి పదకొండు నెలల్లో అరవై మూడు పాత కతోలిక గుళ్ళు తిరిగి ఫొటోలు తీశాడు. వందా పూర్తిచేసి పుస్తకం వేయాలని పట్టుదల. తీసినవి చూసిన, పుస్తకం అచ్చువేసే ప్రెస్సాయన మాత్రం పెదవి విరిచాడు. "ఏంటి తమ్ముడూ, అద్దెకిచ్చే ఇళ్ళలా ఉన్నాయి?"

ఆ మాట గుచ్చుకుంది. లోపమేమిటో తేలకపోతే ఇక కెమెరా ముట్టనని రాయప్ప ఫాదర్ దగ్గరికి వెళ్ళాడు. హాస్టల్లో చదివే రోజుల్లో ఫొటో తీయడం నేర్పింది ఆయనే.

ఫాదర్ ఉండే ఊరంతా నీటి ప్రాజెక్టు ముంపు కింద ఖాళీ అయిపోయింది. మెరక మీద నూట ముప్పై ఏళ్ళ గుడీ, ముసలి ఫాదరూ మిగిలారు.

ఆయన ఫొటోలన్నీ ఓపిగ్గా చూశారు. "ఒక్క మనిషీ లేడేంరా?"

"అందరూ వెళ్ళేదాకా ఆగుతాను ఫాదర్. గుడికి సగటున నలభై ఏడు నిమిషాలు."

"అయితే నీ పంట పండింది. ఇక్కడ ఆగక్కర్లేదు" అని నవ్వి, గంట కొట్టడానికి లేచారు. పూజవేళయింది.

గంట మోగింది. ఎవరూ రాలేదు. ఫాదర్ పూజవస్త్రాలు వేసుకుని పీఠం దగ్గరికొచ్చారు.

పక్క కిటికీలోంచి ఎండ సరిగ్గా పీఠం మీద పడుతోంది. ఆరు నిమిషాలకు మించి ఉండదని లెక్కగట్టి, శౌరి గుమ్మం దగ్గర స్టాండు నిలబెట్టాడు.

"ఏలినవారు మీతో ఉందురుగాక" అన్నారు ఫాదర్, చేతులు చాపి.

జనం బదులు పలకాల్సిన చోటది. గుళ్ళో చప్పుడు లేదు. ఫాదర్ చేతులు దించలేదు.

నిమిషం గడిచింది. రెండు. చాపిన చేతులు సన్నగా వణకసాగాయి. ఎండ పీఠం అంచుకు జారుతోంది. శౌరి వేలు బటన్ మీదే ఉంది. చిన్నప్పుడు వందమందితో కలిసి అలవోకగా అనేసిన మాట, ఇప్పుడు ఒక్కడే అనాలి.

కెమెరా వదిలేసి, ముందుకు నడిచి, మగవాళ్ళు నిలబడే వైపు నిలబడ్డాడు.

"మీ ఆత్మతోను ఉందురుగాక."

పూజ సాగింది.

తర్వాత వస్త్రాలు మడతపెట్టడంలో సాయం చేస్తూ అడిగాడు. "నేను పలక్కపోతే ఏం చేసేవారు ఫాదర్?"

"రోజూ చేసేదే. ఆ జవాబూ నేనే చెప్పుకుంటాన్రా."

శౌరి చివరి వస్త్రం మడిచి బీరువాలో పెట్టాడు. మర్నాడు పూజ ఎన్నింటికో కనుక్కున్నాడు.