రోదికా చెప్పిన మాట

ఆ రొమేనియా ఆవిడకి ఎక్కడ నొప్పో బ్రదర్ తొమేకి అంతుపట్టలేదు.

పోర్చుగల్ దక్షిణాన, ఆలివ్ తోటల మధ్య ఒక గుట్ట మీద ఉంది ఆ మఠం. కాయలు కోసే కాలంలో ఎక్కడెక్కడి నుంచో కూలీలు వస్తారు. జబ్బుపడ్డవాళ్లని మఠంలోనే దించుతారు. వాళ్లని చూసుకోవడం తొమే పని. రోదికా కూడా అలాగే వచ్చింది. నిచ్చెన దగ్గర కళ్లు తిరిగి పడిపోయిందని చెప్పి, ఆమెని మంచం మీద పడుకోబెట్టి, తోటివాళ్లు పనిలోకి వెళ్లిపోయారు.

గుండె మీద చెయ్యి పెట్టుకుని ఆవిడ ఒకటే మాట అనేది.

"మియె దోర్."

తొమే పోర్చుగీసువాడు. వాళ్ల భాషలో దోర్ అంటే నొప్పి. పైగా మఠంలో చేరకముందు భాషలు చదివినవాడు. లాటిన్ నుంచి పుట్టిన భాషలన్నీ తనకి సొంతిల్లు లాంటివని అతని ధీమా.

"తోటలో వాళ్ల దేశం వాళ్లున్నారుగా. ఒకర్ని పిలిపించనా?" అని అడిగారు ఫాదర్ గొన్సాలో. తొమేకి గురువు ఆయనే.

"దేనికి ఫాదర్? లాటిన్‌లో దొలోర్. స్పెయిన్ వాళ్లకీ దొలోర్, ఇటలీలో దొలోరె, ఫ్రాన్సులో దూలర్, మనకి దోర్. ఎక్కడికెళ్లినా నొప్పి నొప్పే."



తొమే ఆవిడ ఛాతీ మీద వేడినీళ్ల సంచి పెట్టాడు. వీపుకి తైలం రాశాడు. టౌను నుంచి డాక్టర్ని పిలిపించాడు. గుండె బాగానే ఉందన్నాడాయన, తినకపోవడం వల్లే నీరసం అన్నాడు. సూప్ గిన్నె అందిస్తే రోదికా పక్కకి నెట్టేసేది. "ఎక్కడ? ఇక్కడా? ఇక్కడా?" అని తొమే అడిగినప్పుడల్లా అతని మొహంలోకి కాసేపు చూసి, గోడ వైపు తిరిగి పడుకునేది. రోజురోజుకీ చిక్కిపోతోంది.

తొమేకి విసుగొచ్చింది.

"నొప్పి అంటుంది, ఎక్కడో చెప్పదు. నొక్కి చూస్తే అబ్బా అనదు. నేనేం చెయ్యను ఫాదర్?"

ఆ మధ్యాహ్నం ఫాదర్ గొన్సాలో వచ్చారు. ముసలాయన. మోకాళ్లు సహకరించవు. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు.

రోదికా ఆ మాటే అంది.

"నీ మాట నాకు రాదమ్మా," అన్నారాయన. చెవి చూపించి తల అడ్డంగా ఊపారు. తర్వాత రెండు అరచేతులూ ఆవిడ ముందు చాచారు, ఏదైనా ఉంటే ఇందులో పెట్టమన్నట్టు.

రోదికా ఆ చేతుల వంక చాలాసేపు చూసింది. తర్వాత తన చెయ్యి మంచం బయటికి చాచి, అరచెయ్యి నేలవైపుగా గాల్లో ఆపింది. మంచం కన్నా కొంచెం ఎత్తు. ఇంత ఉండేది అన్నట్టు.

వేడినీళ్ల సంచితో తొమే గుమ్మంలోనే నిలబడిపోయాడు.

ఫాదర్ మంచంకోడు పట్టుకుని స్టూలు దిగారు. ఒక మోకాలు, కాసేపాగి రెండో మోకాలు. తల ఆవిడ అరచేతి కిందకి వచ్చేదాకా వంగారు.

రోదికా ఉలిక్కిపడింది. చెయ్యి మాత్రం తియ్యలేదు. కాసేపటికి ఆ వేళ్లు ఆయన తెల్లజుట్టులోకి వెళ్లాయి. చిక్కు తీస్తున్నట్టు, పాయలు విడదీస్తున్నట్టు మెల్లగా కదిలాయి. అప్పుడు ఏడ్చింది. అన్నాళ్లలో ఆవిడ ఏడవగా తొమే చూడలేదు.

కింద రాతినేల. ఫాదర్ తల ఎత్తలేదు.

సాయంత్రం తొమే తనే తోటలోకి వెళ్లాడు. రోదికాతో కలిసి కోతకొచ్చిన ఒకావిడని అడిగి తెలుసుకుని, తిన్నగా గురువుగారి గదికి వచ్చాడు. ఆయన కాళ్లు చాపుకుని మోకాళ్లకి నూనె రాసుకుంటున్నారు.

"పొరబడ్డాను ఫాదర్. వాళ్ల దోర్ మన దోర్ కాదు. మనది దొలోర్ నుంచి వచ్చింది. వాళ్లది లాటిన్‌లోనే దొలుస్ అనే ఇంకో మాట నుంచి వచ్చి ఉంటుంది. రెండూ అక్కాచెల్లెళ్ల లాంటివి, అందుకే మోసపోయాను. వాళ్ల దగ్గర దోర్ అంటే దూరమైన మనిషి మీద బెంగ. ఆవిడ కూతురు కిందటి చలికాలం జ్వరంతో పోయిందట."

ఫాదర్ విన్నారు.

"పేరేమిటి?"

"దేని పేరు ఫాదర్?"

నూనె రాస్తున్న చెయ్యి ఆగింది.

"పాపది."

 తొమే అది అడగనే లేదు.

లేచి రోదికా గదికి వెళ్లాడు. ఆవిడ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. తొమే స్టూలు మీద కూర్చున్నాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. చివరికి, మధ్యాహ్నం ఆవిడ చూపించినంత ఎత్తులో అరచెయ్యి ఆపి, పేరు, అన్నాడు తన భాషలో. ఆవిడకి అర్థమైంది.

"ఇలింకా."

"ఎలెంకా," అన్నాడు తొమే.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. పెదవులు కదిపి, నెమ్మదిగా విడదీసి చెప్పింది. "ఇ... లిన్... కా."

"ఇలింకా."

అవునన్నట్టు కళ్లు మూసుకుంది. ఇంకోసారి అనమని చెయ్యి కదిపింది.

తొమే ఇంకోసారి అన్నాడు.