కలబంద నీళ్లు ఎందుకు అడగదు

ఒకప్పుడు కలబంద ఆకులు తోటకూర ఆకుల్లా పల్చగా ఉండేవి. తెల్లారితే అన్ని మొక్కలతో పాటు అదీ నీళ్లకోసం గోల చేసేది.

ఆ రోజుల్లో పేరిందేవి అని ఒక కుమ్మరి అవ్వ ఉండేది. కొండవాలున రాళ్ల మధ్య ఒక కలబంద ఆమె కంటపడింది. "అయ్యో, ఈ గులకరాళ్లలో ఏం తిని బతుకుతావే తల్లీ!" అని ఇంటికి తెచ్చుకుంది. చేలోంచి మెత్తటి నల్లరేగడి మోసుకొచ్చి, కొత్త కుండ నింపి, అందులో నాటింది. కుండకి అడుగున చిల్లు పెట్టాలని అప్పట్లో ఎవరికీ తెలీదు.

పొద్దున ఒక చెంబు, మధ్యాహ్నం ఒక చెంబు, సాయంత్రం ఇంకో చెంబు.

"చాలవ్వా," అంది కలబంద నాలుగోనాడు.

"మొహమాటపడకే! నా ఇంటికొచ్చి ఎవరూ అరకడుపుతో లేవలేదు," అంటూ అవ్వ మరో చెంబు పోసింది.

ఇంతలో ముసురు పట్టింది. రేగడి బురదముద్ద అయిపోయింది.

"రేగడన్నా, కాస్త వదులు. ఊపిరాడటం లేదు," అని బతిమాలింది కలబంద.

"పట్టుకోవడమే గాని వదలడం నాకు చేతకాదమ్మా," అంది రేగడి దిగులుగా.

"అవ్వా, నన్ను మళ్లీ ఆ రాళ్లలో పెట్టేయవూ?"

అవ్వకి మనసు చివుక్కుమంది. "ఇంత చేస్తే నా ఇల్లే నచ్చలేదా!" అని మూతి ముడుచుకుంది. అలిగింది గాని నీళ్లు పోయడం మానలేదు.

మూడు రోజులకి ఆకులు పసుపుపచ్చబడి వేలాడాయి. అవ్వ పట్టుకోగానే మొక్క మొక్కంతా చేతిలోకి ఊడివచ్చింది. వేళ్లు కుళ్లిపోయాయి. బొటనవేలంత పిలక ఒక్కటే మిగిలింది.

"చెప్పింది. నోరు తెరిచి చెప్పింది. నేనే వినలేదు," అని అవ్వ గోడకి చేరబడి ఏడ్చింది.

తర్వాత లేచి కుండ అడుగున చిల్లు పొడిచింది. పెంకుముక్కలు పరిచి, ఇసుకా గులకరాళ్లూ ఎక్కువగా, మట్టి కొంచెంగా కలిపి పిలకని నాటింది. ఎండ తగిలే అరుగు మీద పెట్టింది.

"నువ్వు అడిగితేనే పోస్తానమ్మా," అంది.

తల్లి ఎలా పోయిందో పిలకకి తెలుసు. అప్పుడప్పుడూ పడే చినుకుల్ని ఆకుల్లో దాచుకుంది. ఎవరూ దగ్గరికి రాకుండా అంచులకి ముళ్లు పెట్టుకుంది.

అవ్వ రోజూ పక్కన కూర్చుని, "దాహం వేస్తోందా తల్లీ?" అని అడిగేది.

"లేదవ్వా, నా దగ్గరున్నాయి," అనేది పిలక. కోపంగా కాదు, మెల్లగానే అనేది. అదే అవ్వకి మరీ కష్టంగా ఉండేది.

అవ్వ బతికినన్నాళ్లూ ఎదురుచూసింది. అది ఒక్కసారీ అడగలేదు.

అప్పటినుంచే కలబంద ఆకులు దళసరిగా, నీళ్లతో నిండి, అంచుల్లో ముళ్లతో ఉంటాయి. ఎంత ఎండ కాసినా అది ఎవర్నీ నీళ్లు అడగదు.