ఒంటికాలి లక్ష్మీదేవి

కాళ్ళు తుడుచుకుని పక్కెక్కారా? హాసినీ, ఆ దుప్పటి తమ్ముడికీ కాస్త వదులు. సరే, వినండి.

అనగనగనగా ఒక ఊళ్ళో ఒక రాజుగారు. పేరుకి ఆయన రాజు, ఇంట్లో రాజ్యమంతా రాణిగారిదే. పండగైనా పబ్బమైనా ఊరంతా వచ్చి ఆవిడ పాదాలకి దణ్ణం పెట్టాల్సిందే. నాకు ముల్లు గుచ్చుకున్నా నొప్పన్నదే తెలీదర్రా అని గొప్పలు పోయేది. ఒంట్లో షుగరు ముదిరి కాళ్ళు మొద్దుబారాయని ఆవిడకేం తెలుసు! ఊ కొడుతున్నారా? కొట్టాలి మరి.

ఓ శ్రావణ శుక్రవారం పొద్దున్నే రాజుగారు లేచి చూస్తే ఏముంది? తెల్లటి గచ్చు మీద ఎర్రెర్రగా అడుగులు, పడగ్గది నుంచి పూజగది దాకా. లక్ష్మీదేవి పారాణి కాళ్ళతో మనింటికొచ్చింది, ఎవరూ తుడవద్దు అని ఎగిరి గంతేశాడు. రాజు మంత్రికి చెప్పె, మంత్రి తలారికి చెప్పె, తలారి డప్పుకి చెప్పె, డప్పు ఊరికి చెప్పె. ఊరంతా వచ్చి ఆ మరకలకి పసుపూ కుంకుమా పువ్వులూ! రాణిగారు హారతిపళ్ళెం పట్టుకుని చుట్టూ తిరిగితే, ఆవిడ వెనకాలే ఇంకో నాలుగడుగులు పడ్డాయి. చూసినవాడు ఒక్కడు లేడు. అందరూ కళ్ళు మూసుకుని దణ్ణం పెడుతున్నారాయె.

కోడలు మాణిక్యం మాత్రం కళ్ళు తెరుచుకునే ఉంది. అన్నీ ఎడమ పాదాలే! మామయ్యగారూ, అమ్మవారు ఒంటికాలి మీద గెంతుకుంటూ వచ్చిందా అని అడిగింది. మహిమలు నీకేం తెలుస్తాయి, వెళ్ళి పులిహోర కలుపు అన్నాడాయన.

కలిపింది పాపం. కలిపి, చెయ్యి కడుక్కుని, పసుపుగిన్నెతో అత్తగారి దగ్గరికెళ్ళింది. పాదానికి పసుపు రాసే వంకతో అరికాలు తిప్పి చూసిందిరా! చింతగింజంత పుండు. లోపల తుమ్మముల్లు విరిగి ఉంది. చుట్టూ వాపు, వేడి.

రాణిగారు కాలు లాక్కుంది. నొప్పే లేనిదానికి వైద్యుడెందుకు, రాణి కాలు పరాయివాడు పట్టుకోవడమేమిటి అంది. నిజానికి భయం, కాలు తీసేస్తాడేమోనని. మాణిక్యం వదల్లేదు.

"అత్తయ్యా, నొప్పి కాపలాకుక్క లాంటిది. మీ కుక్క మొరగడం మానేసింది. ఇక మనమే చూసుకోవాలి."

అప్పటికి మెత్తబడిందమ్మా ఆవిడ. వైద్యుణ్ణి పిలిపించారు. అందరిలాంటి వైద్యుడు కాదు, కాళ్ళ కోసమే చదువుకున్నవాడు. ఇంకో నాలుగు రోజులాగితే కాలు దక్కేది కాదన్నాడు. ముల్లు తీసి, పుండు కడిగి, కట్టుకట్టి, నేను చెప్పేదాకా అడుగు కింద పెట్టొద్దన్నాడు. రెండు నెలలకి మానింది. మెత్తటి చెప్పులు చేయించి, తొడుక్కునేముందు దులిపి చూసుకోమన్నాడు.

నెత్తుటికి హారతిప్పించానా అని రాజుగారికి తల కొట్టేసినట్టయింది. అప్పట్నుంచి రోజూ దీపం పెట్టే వేళకి ఆయనే పీట వేసుక్కూర్చుని రాణిగారి అరికాళ్ళు చూసేవాడు. వేళ్ళ సందులు కూడా. ఆవిడకి ఎంత మురిపెమో!

ఏమిటి నిఖిలూ? మాణిక్యం నిజంగా ఉందా అంటావా? లేదురా. మా అత్తగారి కాలికి అలాగే పుండు పడింది. రోజూ పసుపు రాశాను, రోజూ దణ్ణం పెట్టాను, ఒక్కనాడూ అరికాలు తిప్పి చూళ్ళేదు. మోకాలి కిందకి తీసేశారు. ఇన్నేళ్ళయినా ఆ బాధ పోలేదు నాకు. అందుకే కథలో కోడలి చేత చూపించాను.

ఛ, ఏడవకు నాన్నా. ఆ టార్చి తెచ్చి నా అరికాళ్ళు చూడు. నాకూ షుగరుంది కదా. ఎర్రగా ఏమన్నా ఉందా? పొక్కు? పగులు? ఉంటే దాచకు, పొద్దున్నే డాక్టరు దగ్గరికెళ్దాం. ఏం లేదా? హమ్మయ్య.

ఇక కథని కంచికి పంపించేద్దాం. అంత దూరం నడవాలంటే దానికీ కాళ్ళు బాగుండాలిగా! మనం ఇంట్లోనే ఉన్నాం, పడుకోండి.